బొమ్మలో పిట్ట బతికుందా?

పోయిన ఎండాకాలం ఒక పనిలేని మధ్యాహ్నం మా డాబా పిట్టగోడ మీద వాలిన గోరింకని గీద్దామని కూర్చున్నాను. ముక్కు గీసేలోగా తల తిప్పేసింది. తల దిద్దుకునేలోగా రెండడుగులు నడిచి అటు తిరిగి నిలబడింది. తోక దాకా వచ్చేసరికి గోడ ఒక్కటే మిగిలింది. కాగితం మీద తేలింది మాత్రం పసుపు ముక్కున్న వంకాయ. ఇలా కాదని ఫోన్లో ఒక ఫొటో తీసుకుని, దాన్ని చూస్తూ తీరిగ్గా మళ్లీ గీశాను. ఈసారి కంటి చుట్టూ పసుపు చర్మం, రెక్కలో తెల్లమచ్చ, తోక చివర తెలుపు అన్నీ కుదిరాయి. ఇంట్లో వాళ్లు చూసి, "దసరా బొమ్మల కొలువులోదా?" అన్నారు.

చిక్కంతా అక్కడే ఉంది. పక్షి చిత్రం చూడగానే "ఎంత సహజంగా ఉందో!" అనేస్తాం. ఆ ఒక్క మాటలో రెండు సంగతులు కలిసిపోయి ఉంటాయి. వివరాలు సరిగ్గా ఉండటం ఒకటి, పిట్ట బతికున్నట్టు ఉండటం ఇంకొకటి. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది వస్తుందని గ్యారంటీ లేదు. అమెరికన్ చిత్రకారుడు చార్లీ హార్పర్ పిట్టలను త్రికోణాలు, వృత్తాలు, నాలుగు గీతలతో తేల్చేసేవాడు. తాను ఈకలు లెక్కపెట్టనని, రెక్కలు మాత్రమే లెక్కపెడతానని సరదాగా చెప్పుకున్నాడు. అయినా ఆయన పిట్ట ఇప్పుడో ఇంకాసేపట్లోనో ఎగిరిపోయేలాగే ఉంటుంది. ఈక ఈకా పొల్లుపోకుండా గీసిన పాత పుస్తకాల బొమ్మలు కొన్ని మాత్రం గూట్లో పెట్టి తాళం వేసినట్టుంటాయి.

ఇదెందుకని నాకు నచ్చిన చిత్రకారుల బొమ్మలన్నీ తిరగేస్తుంటే, ఒక్క ప్రశ్నతో సగం ముడి వీడిపోయింది: గీసేటప్పుడు పిట్ట ఎక్కడుంది? చచ్చి చేతిలో ఉందా, పంజరంలో ఉందా, కొమ్మ మీద తన పని తాను చూసుకుంటోందా?

ముందు చచ్చిన పిట్ట సంగతి చూద్దాం, ఎందుకంటే 19వ శతాబ్దపు పక్షి పుస్తకాల్లో బొమ్మలు చాలావరకు అలా వచ్చినవే. మ్యూజియం వాళ్లు "చర్మం" అనేది ఎలా ఉంటుందంటే, పిట్ట పొట్ట కోసి, లోపలి మాంసం తీసేసి, దూది కూరి కుడతారు. రెక్కలు ముడిచి, కాళ్లు ఒకదాని మీద ఒకటి వేసి, దారంతో చీటీ కడతారు. కళ్లుండవు. ఆ గుంటల్లోనూ దూదే. ఈకల రంగు ఏళ్ల తరబడి నిలుస్తుంది గానీ ముక్కు, కాళ్లు, కంటి చుట్టూ ఉండే చర్మం రంగు తొందరగా వెలిసిపోతుంది. అందుకే తెలివైన సేకర్తలు "కాళ్లు పసుపు, కన్ను ఎరుపు" అని చీటీ మీద వెంటనే రాసుకునేవాళ్లు. రాయకపోతే చిత్రకారుడు ఊహించుకోవాల్సిందే.

నిలబడే తీరు ఇంకా కష్టం. మనం పిట్ట మోకాలు అనుకునేది నిజానికి దాని చీలమండ. అసలు మోకాలు పైన ఈకల చాటున ఉంటుంది. నిలబడ్డ పిట్ట పాదాలు దాని బరువుకి సరిగ్గా కింద ఉండాలి, లేకపోతే ముందుకు బోర్లా పడుతుంది. అడ్డంగా పడుకోబెట్టిన చర్మాన్ని చూసి ఇదంతా ఎలా తెలుస్తుంది? పాత బొమ్మల్లో కాళ్లు తోక వైపు జరిగిపోయి, ఇప్పుడు పడుతుందా అన్నట్టున్న పిట్టలు కనిపిస్తే, ఆ చిత్రకారుడి ఎదురుగా ఉన్నది దూదిపిట్ట అని అనుమానించవచ్చు. లండన్‌లో ఎలిజబెత్ గౌల్డ్ 1830ల మొదట్లో హిమాలయ పక్షుల పుస్తకానికి 80 పలకల (అచ్చు పుస్తకంలో నిండు పేజీ బొమ్మల) మీద 100 పక్షులను గీసింది. అప్పటికి ఆమె వాటిలో ఒక్కదాన్నీ హిమాలయాల్లో చూసింది కాదు. పుస్తకానికి పేరు మొగుడిది. ఆ తర్వాత ఆస్ట్రేలియా వెళ్లి బతికున్న పక్షులను చూసి గీసే అవకాశం వచ్చింది గానీ, ఎక్కువ కాలం మిగల్లేదు. 1841లో 37 ఏళ్లకే, కాన్పు తర్వాత చనిపోయింది.

చచ్చిన పిట్టతోనే బతికున్న బొమ్మ గీయవచ్చని పంతం పట్టినవాడు జాన్ జేమ్స్ ఆడుబన్. అప్పుడే కాల్చిన పక్షిని గళ్లు గీసిన పలక మీద తీగలతో గుచ్చి, తనకు కావలసిన భంగిమలో నిలబెట్టేవాడు. కాగితం మీదా అవే గళ్లు. ఒక్కో గడిలో ఏముందో కొలిచి, ఉన్న సైజులోనే దించేవాడు. 1827 నుంచి 1838 దాకా విడతలుగా వచ్చిన ఆయన అమెరికా పక్షుల పుస్తకంలో 435 పలకలున్నాయి. కాగితం ఎత్తు దాదాపు మీటరు. అంత పెద్ద కాగితమైనా రాజహంస, అదే మన పులికాట్‌కి వచ్చే ఫ్లెమింగోకి అమెరికా చుట్టం, నిలబడితే పట్టలేదు. అందుకని మెడ కిందికి వంచి, మూతి దాదాపు పాదాల దాకా తెచ్చాడు. చోటు చాలక చేసిన పనే ఆ బొమ్మకి అందమైపోయింది.

ఆడుబన్ బొమ్మల్లో ఆకర్షణ ఏమిటంటే నాటకం. ఒక పలకలో పసుపు పూల తీగ అల్లుకున్న చెట్టు, దాని మీద మాకింగ్‌బర్డ్‌ల గూడు. గూడు దగ్గరకి గిలక పాము పాకి వచ్చింది, నోరు తెరిచింది. నాలుగు పిట్టలు చుట్టూ చేరి దాని మీదకు దూకుతున్నాయి. గిలక పాము చెట్టెక్కదని అప్పట్లో విమర్శకులు ఆయన మీద విరుచుకుపడ్డారు. ఆ పోట్లాట నాకు పెద్దగా పట్టదు. నేను చూసేది ఆ పిట్టల మెడలు. చచ్చిన పిట్టకి తీగ గుచ్చి ఆ కోపం తెప్పించాడంటే, అంతకు ముందు అడవిలో బతికున్నవాటిని ఎన్ని గంటలు చూసి ఉండాలి! తీగ భంగిమని నిలబెడుతుంది, అంతే. ఏ భంగిమలో నిలబెట్టాలన్నది కళ్లు నేర్చుకున్న విద్య.

ఆయన గురించి చెప్పేటప్పుడు మిగతాది దాచకూడదు. 1833లో బతికున్న బంగారు గద్దను కొని, ఈకలు చెడకుండా చంపాలని బొగ్గుల పొగ పెట్టాడు. అది చావకపోతే చివరికి గుండెలో పొడిచాడు. ఇది ఆయనే రాసుకున్నాడు. బానిసలను కొన్నాడు, అమ్మాడు. ఆయన పేరు పెట్టుకున్న పక్షి సంరక్షణ సంస్థ 2023లో ఆ పేరుని ఉంచుకోవాలని తీర్మానిస్తే, దాని స్థానిక శాఖలు కొన్ని ఒప్పుకోక పేరు మార్చుకున్నాయి. ఇంకో సంగతి: ఆ పుస్తకంలో చాలా పలకల్లో కొమ్మలు, పూలు గీసింది జోసెఫ్ మేసన్ అనే కుర్రాడు. 1820లో ఆడుబన్ వెంట బయల్దేరేటప్పటికి వాడికి 13 ఏళ్లు. అచ్చులో వాడి పేరు లేదు. ఆ పుస్తకం ప్రతి ఒకటి 2010లో లండన్ వేలంలో 73 లక్షల పౌండ్లకు పోయింది.

ఇక పంజరంలో పిట్ట దగ్గరకొద్దాం. ఇక్కడ మనవాళ్లు ముందున్నారు.

జహంగీర్ చక్రవర్తికి జంతువులంటే పిచ్చి. వాటి గురించి తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు, కొలతలు వేయించాడు. తన ముత్తాత బాబరు జంతువుల గురించి రాశాడే గానీ బొమ్మలు వేయించలేదని, తాను రెండూ చేస్తున్నానని, విన్నప్పుడు కలిగే ఆశ్చర్యం చూస్తే ఇంకా పెరుగుతుందని చెప్పుకున్నాడు. 1612లో ఆయన అధికారి ముకర్రబ్ ఖాన్ గోవా నుంచి కొన్ని వింత జంతువులను తెచ్చాడు. వాటిలో ఒకటి సీమకోడి, టర్కీ కోడి. దాని తల, మెడ ఊసరవెల్లిలా రంగులు మారుస్తాయని జహంగీర్ రాశాడు. మదమెక్కినప్పుడు పగడంలా ఎర్రగా, కాసేపటికి పత్తిలా తెల్లగా, ఒక్కోసారి ఫిరోజా రాయిలా నీలంగా ఉంటుందట. ముక్కు మీద మాంసపు ముక్క ఒకప్పుడు ఏనుగు తొండంలా వేలాడుతుంది, మరొకప్పుడు ఖడ్గమృగం కొమ్ములా చిన్నదై నిలుస్తుంది.

ఇన్ని రంగులు మార్చేదాన్ని ఒకే బొమ్మలో ఎలా పెట్టడం? ఆ పని ఉస్తాద్ మన్సూర్ మీద పడింది. నాదిర్-ఉల్-అస్ర్, అంటే ఆ కాలానికే అపురూపం, అని చక్రవర్తి బిరుదిచ్చిన చిత్రకారుడు. ఆ టర్కీ కోడి బొమ్మ ఇప్పుడు లండన్‌లో ఉంది. వెనక తోట లేదు, కొండ లేదు. ఉత్త నేపథ్యం మీద ఒక్క పక్షి. మెడ మీది ముడతలన్నీ ఒక్కొక్కటిగా లెక్కబెట్టుకోవచ్చు. మొఘల్ చిత్రకారులు ఆస్థానంలో మనుషుల్ని గీసే పద్ధతి ఇదే: పక్క నుంచి ముఖం, చుట్టూ ఖాళీ, దుస్తుల మీద శ్రద్ధ. మన్సూర్ అదే మర్యాద కోడికి ఇచ్చాడు. దర్బారుకి వచ్చిన విదేశీ రాయబారిలా నిలబడి ఉంటుంది అది. ఆడుబన్ పిట్టలో కోపం కనిపిస్తే మన్సూర్ పిట్టలో హోదా కనిపిస్తుంది. ఈ తేడా కూడా పిట్ట ఉన్న చోటు వల్లనే అనిపిస్తుంది నాకు. జూ లాంటి రాజుగారి తోటలో పక్షి ఎవరితోనూ పోట్లాడదు, వేటాడదు. నిలబడుతుంది, నడుస్తుంది, మనల్ని చూస్తుంది.

ఆ శ్రద్ధ విలువ తర్వాత తెలిసింది. సైబీరియా కొంగని మన్సూర్ గీసిన నూట యాభై ఏళ్ల తర్వాత, 1773లో గానీ యూరప్ శాస్త్రవేత్త పల్లాస్ దానికి శాస్త్రీయ నామం పెట్టలేదు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కి ఒకప్పుడు చలికాలం వచ్చే ఆ కొంగలు 2002 తర్వాత రావడం మానేశాయి. ఇక ఎప్పుడో అంతరించిపోయిన డోడో. మారిషస్ నుంచి ఎవరో పట్టుకొచ్చిన ఒక డోడోని 1625 ప్రాంతంలో గీసిన మొఘల్ బొమ్మ రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంది. దాన్ని మన్సూరే గీశాడని పండితుల అభిప్రాయం. డోడో అనగానే మన కళ్లకు కట్టేది బాగా బలిసిన, నడవలేని బాతులాంటి పక్షి. అది యూరప్ బొమ్మల పుణ్యం. పంజరంలో తిని తిని బలిసినవాటినో, అడ్డదిడ్డంగా దూది కూరినవాటినో చూసి గీయడం వల్ల అలా వచ్చిందని అంటారు. మొఘల్ బొమ్మలో డోడో అంత లావు కాదు. రంగుల విషయంలో శాస్త్రవేత్తలు ఎక్కువగా నమ్మే బొమ్మల్లో ఇదొకటి. ఒక జాతి మొత్తం అంతరించాక, అది ఎంత లావుండేదన్న తగువు చిత్రకారుడి ఎదురుగా ఏముందన్న దగ్గర తేలుతోంది.

మొఘల్ దర్బారు చితికాక ఆ చేతులు కొత్త యజమానుల్ని వెతుక్కున్నాయి. 1777 నుంచి 1783 దాకా కలకత్తాలో, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి భార్య మేరీ ఇంపీ పక్షుల్ని, జంతువుల్ని తోటలో పెంచి, పాట్నా చిత్రకారులు ముగ్గురితో బొమ్మలు గీయించింది. షేక్ జైనుద్దీన్, భవానీ దాస్, రామ్ దాస్. మూడు వందలకు పైగా బొమ్మల్లో సగానికి మించి పక్షులే. కాగితం ఇంగ్లండు నుంచి దిగుమతి, చేయి పాట్నా మొఘల్ చేయి. జైనుద్దీన్ 1777లో గీసిన తెల్లని కాకటూ చూడండి. సీతాఫలం కొమ్మ మీద కూర్చుంటుంది. తెల్లటి కాగితం మీద తెల్లటి పిట్టని గీయడం మాటలు కాదు. నలుపు వాడితే బొగ్గు పూసినట్టవుతుంది, వాడకపోతే పిట్ట కాగితంలో కలిసిపోతుంది. పలచటి బూడిద రంగు నీడలతో ఈకల వరసలు విడదీసి, తల మీది పసుపు జుట్టుతో చూపు కట్టేశాడు. ఆ పిట్ట తూర్పు దీవుల నుంచి ఓడలో వచ్చింది, కొమ్మ మన పెరటిది. అవి రెండూ అడవిలో ఎప్పుడూ కలుసుకోవు. అయినా చూస్తుంటే ఆ ఆలోచనే రాదు. మరుసటేడు గీసిన నల్లతల వంగపండు పిట్ట బొమ్మలో పనస మోడు, ఒక పురుగు ఉన్నాయి. పురుగు పెట్టడంతో పిట్టకి ఒక పని దొరికింది. పని దొరికిన పిట్టకి ప్రాణం వచ్చింది.

ఆ బొమ్మలను చూసి లేథమ్ అనే ఇంగ్లీషు పక్షి శాస్త్రవేత్త కొన్ని పక్షులను వర్ణించాడు. హిమాలయ మోనాల్ అనే కోడి జాతి పక్షి శాస్త్రీయ నామంలో ఇంపీ పేరు ఇప్పటికీ ఉంది. జైనుద్దీన్ పేరు ఏ పిట్టకీ పెట్టలేదు. అయినా ఆయన అదృష్టవంతుడే, బొమ్మల కింద పేరన్నా మిగిలింది. 1840ల్లో మద్రాసులో డాక్టర్ జెర్డన్ అచ్చు వేయించిన పక్షుల పుస్తకంలో 50 పలకలున్నాయి. ఆ బొమ్మల మూలాలు మద్రాసు వైపు దేశీ చిత్రకారుల చేతుల్లోవే. వాళ్లెవరో పక్షి ప్రేమికుల్లో చాలామందికి తెలియదు.

మద్రాసు అంటే ఇంకొకామె గుర్తొస్తుంది. ఎలిజబెత్ గ్విల్లిమ్. 1801లో జడ్జి భర్తతో వచ్చింది, 1807లో అక్కడే చనిపోయింది. ఆ ఆరేళ్లలో వందకు పైగా పక్షి చిత్రాలు గీసింది, చాలావాటిని ఉన్న సైజులో. ఆడుబన్ పుస్తకానికి ఇరవై ఏళ్ల ముందు మాట ఇది. ఆమె తెలుగు కూడా నేర్చుకుంది. బొమ్మలు ఎక్కడో మరుగున పడి ఉంటే 1924లో లండన్‌లో ఒక పక్షి ప్రేమికుడి కంటపడ్డాయి. ఇప్పుడవి కెనడాలో, మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. మద్రాసు పిట్టల్ని తెలుగు వచ్చిన చిత్రకారిణి గీసిందన్న సంగతి మనకి బడిలో ఎవరూ చెప్పలేదు. నాకైతే ఇది తెలిసిన రోజు కాస్త కోపమే వచ్చింది.

పంజరం పిట్టలు గీసినవారిలో నాకు నచ్చిన ఇంకొకడు ఎడ్వర్డ్ లియర్. పద్దెనిమిదేళ్లప్పుడు, 1830లో, లండన్ జూలో చిలుకల ముందు కూర్చున్నాడు. బోన్ల మనిషి పిట్టని పట్టుకుంటే కొలతలు తీసుకుని గీసేవాడు. 42 పలకలు వచ్చాక డబ్బులు అయిపోయాయి, ఆపేశాడు. కానీ ఒక్కో చిలుకకి ఒక్కో మనస్తత్వం ఉంటుంది ఆ బొమ్మల్లో. ఒకటి గర్విష్ఠి, ఒకటి అనుమానపు మనిషి. ఆ సూక్ష్మమైన పని కళ్లను తినేసింది. నిప్పుకోడి కన్నా చిన్న పిట్ట ఇక తనకి కనపడేలా లేదని ఉత్తరంలో జోక్ వేసి, ప్రకృతి దృశ్యాల వైపు వెళ్లిపోయాడు. 1870ల్లో ఇండియా కూడా వచ్చి వెళ్లాడు.

చిలుక అన్నాక ఒక చిన్న పరీక్ష. మన క్యాలెండర్లలో, గోడల మీద రామచిలుక కాళ్లు ఒకసారి గమనించండి. చిలుక కొమ్మని రెండు వేళ్లు ముందుకి, రెండు వెనక్కి వేసి పట్టుకుంటుంది. మూడు ముందుకి, ఒకటి వెనక్కి వేస్తే అది గోరింక కాలు. లియర్ ఇందులో తప్పడు. కలంకారీ చిలుకకి మాత్రం ఈ పరీక్ష పెట్టకూడదు. అక్కడ చిలుక ఒక పక్షి కాదు, మన్మథుడి వాహనం. పాలూ నీళ్లూ వేరు చేసే హంసని కాళ్ల వేళ్ల దగ్గర పట్టుకోవడం అన్యాయం.

ఇక కొమ్మ మీద పిట్ట. బైనాక్యులర్స్ మెరుగుపడ్డాక, తుపాకీ లేకుండానే పక్షిని దగ్గరగా చూడటం కుదిరింది. పక్షుల్ని గుర్తుపట్టడానికని 1934లో రోజర్ టోరీ పీటర్సన్ తెచ్చిన చిన్న పుస్తకంలో పిట్టలన్నీ ఒకే వైపు తిరిగి, పరేడ్‌లో సిపాయిల్లా ఉంటాయి. ఒక్కో పిట్టకి గుర్తుపట్టాల్సిన చోట చిన్న గీత. అందం తక్కువే, కానీ మొదటి రెండు వేల ప్రతులూ వారంలో అయిపోయాయి. ఇంత మంచి కెమెరాలు వచ్చాక కూడా ఇలాంటి పుస్తకాల్లో బొమ్మలే ఎందుకు అని నన్ను చాలామంది అడిగారు. ఫొటోలో ఉండేది ఫలానా రోజు, ఫలానా ఎండలో కూర్చున్న ఒక్క పిట్ట. బొమ్మలో ఉండేది చిత్రకారుడు చూసిన వంద పిట్టల సారం. నీడ పడి ముదురుగా కనిపించిన రెక్క, ఈక రాలిన తోక ఇవన్నీ పక్కన పెట్టి, పికిలిపిట్ట అంటే ఇదీ అని తేల్చి చెబుతుంది. మన దేశపు పక్షులకి 1983లో జాన్ హెన్రీ డిక్ ఆ పని చేశాడు. 1998లో వచ్చిన పెద్ద పుస్తకంలో బొమ్మలు వేసినవాళ్లలో గోవాకి చెందిన కార్ల్ డిసిల్వా ఉన్నాడు. పరేడ్ పుస్తకంలో కూడా ఆయన పిట్టలు కాస్త కదులుతాయి.

చచ్చిన పిట్టకీ బతికిన పిట్టకీ రాజీ కుదిర్చినవాడు ఇంగ్లండుకి చెందిన చార్లెస్ టన్నిక్లిఫ్. 1947లో వేల్స్‌లోని ఆంగ్లసీ దీవికి మారి అక్కడే ఉండిపోయాడు. చచ్చిన పక్షి దొరికితే రెక్క విప్పి, పైనుంచి, కిందనుంచి, ఉన్న కొలతల్లో గీసి దాచుకునేవాడు. అది ఆయన డిక్షనరీ. బయట ఒడ్డున బతికినవాటిని చూస్తూ వేసిన స్కెచ్చులు ఆయన వాక్యాలు. ఇక స్వీడన్ వాడు లార్స్ యోన్సన్ డిక్షనరీని మనసులో పెట్టుకుని, టెలిస్కోపులో ఒక కన్ను పెట్టి నేరుగా రంగులతోనే గీస్తాడు. ఆయన తెల్లపిట్ట తెల్లగా ఉండదు. నీడ పడిన వైపు నీలం, ఇసుక మీది వెలుగు తిరిగి పడిన పొట్ట కింద లేత పసుపు. ఈకలు కనిపించవు, వెలుతురు కనిపిస్తుంది. నా ఓటు ఆయనకే, అయితే ఇది ఇష్టాల సంగతి, వాదించను.

దూదిపిట్ట ఎంత దాచిపెడుతుందో మన కడప దగ్గరి ఒక పిట్ట చెబుతుంది. 1848లో లోకానికి తెలిసిన జెర్డన్ కోర్సర్ ఆఖరుసారి 1900లో అనంతపురం దగ్గర కనపడి మాయమైంది. ఆ తర్వాత 86 ఏళ్లు ఆ పక్షిని గీయాలంటే పాత చర్మాలు, పాత రాతలే గతి. చర్మంలో రొమ్ము మీది రెండు గోధుమ రంగు పట్టీలు ఉంటాయి. కళ్లున్న చోట దూది ఉంటుంది. అది రాత్రి తిరిగే పిట్ట అని, దాని కళ్లు అంత పెద్దవని ఆ దూది ఎలా చెబుతుంది? బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతికిన భరత్ భూషణ్ చివరికి పిట్టలు పట్టేవాళ్లని అడిగాడు. వాళ్లకి అది తెలుసు, రాత్రి పూట తిరుగుతుందనీ తెలుసు. 1986 జనవరిలో ఒక రాత్రి రెడ్డిపల్లి దగ్గర టార్చి వెలుతురులో దొరికింది. పుస్తకాల్లో దాని పేరులో ఒక డాక్టరు ఉన్నాడు. వాళ్లు పిలిచే పేరులో అది మసిలే ముళ్లపొద ఉంది: కలివి కోడి.